పెద్ద రూపభేదం ఉన్న విశ్లేషణలో నోడ్ల తొలి నిరూపకాలు ఎక్కడ దొరుకుతాయి?

నల్లదిమ్మ (కూకట్‌పల్లి) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో స్ట్రక్చరల్ ఇంజినీరింగులో ఎం.టెక్. చదువుతున్నాను. ఫ్లైఓవర్లలో స్తంభం తల అయిన పియర్ క్యాప్‌కూ, పైనున్న దూలం అయిన గర్డర్‌కూ మధ్య అమర్చే ఎలాస్టోమెరిక్ బేరింగు, అంటే పొరల మధ్య ఉక్కు పలకలు పొదిగిన రబ్బరు దిమ్మ, నా థీసిస్ విషయం. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని ఆక్సిజన్ వల్ల ఈ రబ్బరు బయటి అంచుల దగ్గర గట్టిపడుతుంది. ఆక్సిజన్ లోపలిదాకా చేరడం కష్టం కాబట్టి నడిమి రబ్బరు చాలావరకు మునుపటిలాగే ఉండిపోతుంది. వేడి ఎక్కువైతే ఈ గట్టిపడటం ఇంకా వేగంగా జరుగుతుంది కాబట్టి, వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊరి పరిస్థితికి ఇది పట్టించుకోవలసిన విషయమేనని మా గైడు గారు ఈ అంశాన్ని ఇచ్చారు.

ఈ తేడాను చూపించడానికి, వస్తువును నోడ్లు అనే బిందువులతో కలిసిన చిన్న ఎలిమెంట్లుగా విడగొట్టి లెక్కించే అబాకస్ సాఫ్ట్‌వేర్‌లో యూమ్యాట్, అంటే పదార్థ గుణాన్ని మనమే రాసుకునే సబ్‌రొటీన్ రాశాను. దిమ్మ పొడవు 300 మిల్లీమీటర్లు, వెడల్పు 400 మిల్లీమీటర్లు, రబ్బరు మొత్తం మందం 60 మిల్లీమీటర్లు. లోపలి రబ్బరు షియర్ మాడ్యులస్‌ను (పక్కకు జరిపితే ఎదురించే గట్టిదనం) 0.9 మెగాపాస్కల్‌గా తీసుకున్నాను. దగ్గరి అంచు నుంచి ఉన్న దూరాన్ని 8 మిల్లీమీటర్లతో భాగించి, దాని రుణ ఘాతీయ విలువకు ఒకటి కలిపి, ఆ మొత్తాన్ని 0.9తో గుణిస్తున్నాను. కాబట్టి అంచు మీద మాడ్యులస్ రెట్టింపు ఉంటుంది, 30 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లేసరికి దాదాపు 0.9కి దిగుతుంది. దూరం లెక్కకు యూమ్యాట్‌కు అందే కోఆర్డ్స్ (ఆ బిందువు నిరూపకాలు) విలువలను వాడుతున్నాను.

మొదటి స్టెప్‌లో పైనుంచి బరువు పెడితే లెక్క సాఫీగా పూర్తవుతోంది. రెండో స్టెప్‌లో, గర్డర్ వ్యాకోచానికి బదులుగా, దిమ్మ పై ముఖాన్ని పొడవు దిశలో 30 మిల్లీమీటర్లు జరుపుతున్నాను. సుమారు సగం దారిలో ఇంక్రిమెంట్లు (లెక్క సాగే అడుగులు) చిన్నవైపోయి, చివరికి ‘టూ మెనీ అటెంప్ట్స్ మేడ్ ఫర్ దిస్ ఇంక్రిమెంట్’ అనే సందేశంతో ఆగిపోతోంది. మాడ్యులస్‌ను స్టేట్ వేరియబుల్‌గా (ఒక్కో బిందువుకూ దాచుకునే విలువగా) రాయించి చూస్తే, పై పొరలో ఎడమ అంచు మెత్తగానూ కుడి అంచు విపరీతంగా గట్టిగానూ కనిపిస్తోంది. రెండు అంచులూ ఒకేలా ఉండాలి కదా.

సబ్‌రొటీన్ లోపల ఒక బిందువు తొలి నిరూపకాలను ఎలా పొందాలి? డిఫర్మేషన్ గ్రేడియంట్‌ను విలోమం చేసి ప్రస్తుత స్థానంతో గుణిస్తే తొలి స్థానం వస్తుందని ఒక మిత్రుడు అన్నాడు. అది సరైనదేనా? మరొక సందేహం: ఫలితాల ఫైలులో కోఆర్డ్ అనే అవుట్‌పుట్ ప్రతి ఫ్రేమ్‌కూ మారిపోతోంది. తొలి నిరూపకాలను అక్కడి నుంచి తీసుకోవడం ఎలా?

మెష్‌మేస్త్రీ (గచ్చిబౌలి)

నల్లదిమ్మ గారూ, మీ సూత్రంలో దోషం లేదు, దానికి అందుతున్న నిరూపకాలే మీరు అనుకున్నవి కావు. యూమ్యాట్‌కు వచ్చే కోఆర్డ్స్‌లో ఏముంటుందన్నది ఆ స్టెప్‌లో ఎన్ఎల్‌జియోమ్ (పెద్ద రూపభేదాన్ని లెక్కలోకి తీసుకునే ఎంపిక) ఆన్‌లో ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఆఫ్‌లో ఉంటే తొలి స్థానం వస్తుంది. ఆన్‌లో ఉంటే, అంటే రబ్బరు లెక్కల్లో ఎప్పుడూ ఉండవలసిన విధంగా ఉంటే, ప్రస్తుత స్థానం వస్తుంది. మీ రబ్బరు పక్కకు జరిగింది కానీ మీ అంచులు మాత్రం 0 దగ్గరా 300 దగ్గరా పాతుకుపోయి ఉన్నాయి.

మీ అంకెలతోనే చూద్దాం. పై పొరలో కుడి అంచుకు ఒక మిల్లీమీటరు లోపల ఉన్న బిందువు తొలి స్థానం 299. అక్కడ మాడ్యులస్ 1.69 మెగాపాస్కల్ ఉండాలి. పై ముఖం 15 మిల్లీమీటర్లు జరిగేసరికి ఆ బిందువు దాదాపు 314కు చేరుతుంది, మీ సబ్‌రొటీన్ లెక్కలో అంచు నుంచి దూరం రుణ 14 అవుతుంది, రుణానికి రుణం తగిలి ఘాతీయ విలువ పెరుగుతుంది, మాడ్యులస్ 6 దాటుతుంది. అదే 30 మిల్లీమీటర్లు పూర్తిగా జరిగితే 35 మెగాపాస్కల్ దగ్గరకు వెళుతుంది. ఇక ఎడమ అంచున 1 దగ్గర ఉన్న బిందువు 31కి వచ్చి, తాను దిమ్మ నడుమ ఉన్నట్టుగా 0.92 తీసుకుంటుంది. మీరు చూసిన బొమ్మ ఇదే. పైగా, స్థానాన్ని బట్టి మాడ్యులస్ మారడం వల్ల వచ్చే పదం మీ టాంజెంట్ మాతృకలో (వికృతి మారితే ఒత్తిడి ఎంత మారుతుందో చెప్పేది) లేదు కాబట్టి, ఇటరేషన్లతో జవాబుకు చేరే న్యూటన్ పద్ధతి ఆ మార్పును ముందుగా పసిగట్టలేదు. అందుకే ఇంక్రిమెంట్లు కోసుకుంటూ పోయి ఆగింది. మొదటి స్టెప్‌లో అంచు ఉబ్బు కొద్దిపాటిదే కాబట్టి అక్కడ ఇది బయటపడలేదు. అంతేగానీ అక్కడి ఫలితం కూడా పూర్తిగా సరైనదని అనుకోవద్దు.

మీ మిత్రుడు చెప్పిన ఉపాయం పనిచేయదు. డిఫర్మేషన్ గ్రేడియంట్ ఒక బిందువు దగ్గరి చిన్న గీత ఎంత సాగిందో, ఎటు తిరిగిందో చెబుతుంది. ఆ బిందువు ఎంత దూరం జరిగిందో దానికి తెలియదు. దిమ్మను ఏ మాత్రం వంచకుండా, నొక్కకుండా మొత్తంగా 30 మిల్లీమీటర్లు పక్కకు జరిపి చూడండి: గ్రేడియంట్ ఐడెంటిటీ మాతృకగానే ఉంటుంది, దాన్ని విలోమం చేసి గుణించినా మీకు జరిగిన తరువాతి స్థానమే తిరిగి వస్తుంది. వస్తువంతటా రూపభేదం ఏకరీతిగా ఉండి, మూలబిందువు కదలకుండా ఉన్న సందర్భంలో మాత్రమే ఆ సూత్రం నిలుస్తుంది.

మరొక అడ్డదారి కూడా చాలామంది కోడ్లలో కనిపిస్తుంది: మొదటి స్టెప్ మొదటి ఇంక్రిమెంట్‌లో వచ్చిన కోఆర్డ్స్‌ను స్టేట్ వేరియబుల్స్‌లో దాచుకోవడం. యూమ్యాట్‌ను ప్రతి ఇటరేషన్‌లోనూ పిలుస్తారు కాబట్టి, ఆ ఇంక్రిమెంట్ ముగిసేసరికి మీరు దాచుకున్నది చివరి ఇటరేషన్‌లోని స్థానం అవుతుంది. మొదటి ఇంక్రిమెంట్ చిన్నదైతే తేడా కంటికి ఆనదు, పెద్దదైతే ఆనుతుంది. ఇంక్రిమెంట్ పరిమాణాన్ని బట్టి పదార్థ గుణం మారే మోడల్‌ను థీసిస్‌లో పెట్టడం నాకైతే సమ్మతం కాదు.

సరైన చోటు, స్టేట్ వేరియబుల్స్‌కు తొలి విలువలు ఇచ్చే ఎస్‌డీవీఇని సబ్‌రొటీన్. విశ్లేషణ మొదలవక ముందే ప్రతి ఇంటిగ్రేషన్ పాయింటుకూ (ఎలిమెంటు లోపల ఒత్తిడి లెక్కగట్టే బిందువు) దాన్ని పిలుస్తారు, దానికి అందే కోఆర్డ్స్ తొలి నిరూపకాలే. మోడల్‌లో డెప్‌వార్ కింద తగినన్ని స్టేట్ వేరియబుల్స్ ప్రకటించి, ఇనిషియల్ కండిషన్స్‌ను సొల్యూషన్ రకంగా, యూజర్ ఎంపికతో పెట్టండి. నిరూపకాలు మూడూ దాచుకోవడం కన్నా అంచు నుంచి దూరాన్ని అక్కడే లెక్కగట్టి ఒక్క విలువగా దాచుకోవడం మేలు. యూమ్యాట్‌లో దాన్ని చదువుకోవడమే తప్ప ఎక్కడా మార్చకండి.

ఇక్కడ జాగ్రత్త పడవలసింది ఒకటుంది. కోఆర్డ్స్ అన్న పేరు చాలా సబ్‌రొటీన్లలో కనిపిస్తుంది గానీ అన్నిట్లోనూ అందులో ఉండేది ఒకటే కాదు. యూజర్ ఎలిమెంట్ రాసే యూఈఎల్‌లో అవి నోడ్ల తొలి నిరూపకాలు. బరువును నిర్వచించే డీలోడ్‌లో ఎన్ఎల్‌జియోమ్ ఆన్‌లో ఉంటే ప్రస్తుత నిరూపకాలు. ఒక సబ్‌రొటీన్ నుంచి మరొకదానికి వరుసలు అతికించేటప్పుడు ఆ సబ్‌రొటీన్ మాన్యువల్ పేజీని మళ్లీ చదవండి.

ఫ్రేమ్_సున్నా (తార్నాక)

పై సమాధానం సబ్‌రొటీన్ సంగతి పూర్తిగా చెప్పింది కాబట్టి నేను ఫలితాల ఫైలు గురించి రాస్తాను.

ఎన్ఎల్‌జియోమ్ ఆన్‌లో ఉన్న స్టెప్‌లో కోఆర్డ్ అనే ఫీల్డ్ అవుట్‌పుట్ ప్రస్తుత స్థానాన్నే ఇస్తుంది, అది మారడం సహజం. తొలి నిరూపకాలు ఫ్రేముల్లో ఉండవు. ఓడీబీని, అంటే అబాకస్ ఫలితాల ఫైలును పైథాన్‌తో తెరిచి, రూట్ అసెంబ్లీలోని ఇన్‌స్టాన్స్ (అసెంబ్లీలో అమర్చిన ఒక్కో భాగం) కింద నోడ్ల జాబితాకు వెళితే, ప్రతి నోడ్‌కూ కోఆర్డినేట్స్ అనే గుణం ఉంటుంది. అవి గ్లోబల్ అక్షాల్లో ఉన్న తొలి నిరూపకాలు, ఏ ఫ్రేమ్‌లో ఉన్నా మారవు. సరిచూసుకోవాలంటే ఏదైనా ఒక ఫ్రేమ్‌లో కోఆర్డ్ విలువ నుంచి స్థానభ్రంశాన్ని తీసివేయండి. అదే విలువ రావాలి.

జాబితాలో నోడ్ వరుస సంఖ్య, నోడ్ లేబుల్ వేర్వేరు. పైథాన్ లెక్క సున్నాతో మొదలవుతుంది, లేబుళ్లు సాధారణంగా ఒకటితో మొదలవుతాయి, మధ్యలో ఖాళీలు కూడా ఉండవచ్చు. కాబట్టి ఒకటి తీసివేసి సరిపెట్టుకోకుండా, లేబుల్ నుంచి నిరూపకాలకు ఒక డిక్షనరీ కట్టుకోండి. మీ మోడల్‌లో దిమ్మ, పియర్ క్యాప్, గర్డర్ అడుగు పలక వేర్వేరు ఇన్‌స్టాన్సులైతే 57వ నోడ్ మూడింటిలోనూ ఉంటుంది, కాబట్టి డిక్షనరీ తాళంలో ఇన్‌స్టాన్స్ పేరు కూడా చేర్చాలి.

ఓడీబీ బదులు ఇన్‌పుట్ ఫైలు నుంచి నిరూపకాలు చదివే అలవాటు ఉన్నవారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది, పార్ట్ కింద ఉన్న నోడ్ వరుసలు పార్ట్ సొంత అక్షాల్లో ఉంటాయి. అసెంబ్లీలో దాని స్థానం ఇన్‌స్టాన్స్ కింద ఉన్న రెండు వరుసల్లో ఉంటుంది: పై వరుస జరపడం, కింది వరుస తిప్పడం. ముందు జరిపి, ఆ తరువాతే తిప్పుతారు. ఈ క్రమం తారుమారైతే దిమ్మ వేరే పియర్ మీద తేలుతుంది. మీరు స్కెచ్‌లో మూలబిందువును దిమ్మ మధ్యలో పెట్టుకుని, సబ్‌రొటీన్‌లో మాత్రం 0 నుంచి 300 వరకు అనుకుంటే ఎస్‌డీవీఇని వాడినా దూరాలు తప్పుతాయి. కాబట్టి ముందు అసెంబ్లీలో అంచుల స్థానాలు చూసుకోండి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. రెండు ఉపరితలాలను అతికించే టై కన్‌స్ట్రెయింట్ పెట్టినప్పుడు, మీరు వద్దని చెప్పకపోతే, అబాకస్ స్లేవ్ ఉపరితలం నోడ్లను మాస్టర్ ఉపరితలం మీదికి ముందే జరిపేస్తుంది. కాంటాక్టులో అడ్జస్ట్ ఎంపిక కూడా అంతే. ఈ జరుపుడు వల్ల వికృతి పుట్టదు, అంటే జరిగిన తరువాతి స్థానమే ఆ నోడ్‌కు అసలైన రిఫరెన్స్ స్థానం, ఇన్‌పుట్ ఫైలులో ఉన్నది కాదు. ఎంత జరిగిందో చూడాలంటే తొలి ఫ్రేమ్‌లో స్ట్రెయిన్‌ఫ్రీ అనే అవుట్‌పుట్ చూడండి. రబ్బరుకూ ఉక్కు పలకకూ టై పెట్టి ఉంటే మీకు ఇది వర్తిస్తుంది. పలుచని పొరల్లో ఒక మిల్లీమీటరులో పదో వంతు జరిగినా చెప్పుకోదగ్గదే.

ఇంకొక మాట. ఓడీబీలో ఈ నిరూపకాలు సింగిల్ ప్రెసిషన్‌లో ఉంటాయి, అంటే సుమారు ఏడు అంకెల కచ్చితత్వం. ఒంటరి దిమ్మకు అది చాలు. కానీ మొత్తం ఫ్లైఓవర్‌ను సర్వే చైనేజీ ప్రకారం ఒకే మోడల్‌లో పేర్చి, ఒక దిమ్మ 1,20,000 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, అక్కడ పక్కపక్క సంఖ్యల మధ్య ఎడమే 0.0078 మిల్లీమీటర్లు. రెండు మెష్‌ల నోడ్లను నిరూపకాల సమానత్వంతో జతచేసే స్క్రిప్టులు అలాంటి చోట చడీచప్పుడు లేకుండా విఫలమవుతాయి. సమానమా అని అడగకుండా ఫలానా దూరం లోపల ఉన్నాయా అని అడగాలి.

నల్లదిమ్మ (కూకట్‌పల్లి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎస్‌డీవీఇనితో దూరాన్ని దాచుకున్నాక రెండో స్టెప్ 30 మిల్లీమీటర్ల దాకా పూర్తయింది, మాడ్యులస్ బొమ్మలో రెండు అంచులూ ఒకేలా ఉన్నాయి. స్ట్రెయిన్‌ఫ్రీ అవుట్‌పుట్‌లో కూడా పై పలక దగ్గర కొన్ని నోడ్లు జరిగినట్టు కనిపించింది, మెష్‌ను సరిదిద్దుతున్నాను.

మరో రెండు ప్రశ్నలు. యూమ్యాట్ బదులు అబాకస్‌లో రబ్బరు వంటి పదార్థాలకు ఉన్న హైపర్‌ఎలాస్టిక్ మోడల్‌నే వాడుకుంటూ ఈ గట్టిదనం తేడాను చూపించే మార్గం ఉందా? ఆ గుణాన్ని మనమే రాసుకునే యూహైపర్ సబ్‌రొటీన్ ప్రయత్నిద్దామంటే దానికి నిరూపకాలే అందవు. అలాగే, బరువు పెట్టిన స్థితిని అబాకస్ స్టాండర్డ్ నుంచి, వేగమైన కదలికలను లెక్కించే అబాకస్ ఎక్స్‌ప్లిసిట్‌కు తీసుకువెళ్లి అక్కడ భూకంప కదలిక ఇవ్వాలనుకుంటున్నాను. అప్పుడు తొలి నిరూపకాలు ఏవవుతాయి?

మెష్‌మేస్త్రీ (గచ్చిబౌలి)

మార్గం ఉంది, నా అభిప్రాయంలో మీరు మొదటి నుంచీ అదే పట్టుకోవలసింది. పదార్థ గుణాన్ని నిరూపకాలతో కాకుండా ఫీల్డ్ వేరియబుల్‌తో, అంటే ఒక్కో నోడ్‌కూ మనం ఇచ్చే విలువతో ముడిపెట్టండి. తొలి నిరూపకాలు చదివే చిన్న పైథాన్ స్క్రిప్టుతో ప్రతి రబ్బరు నోడ్‌కూ అంచు నుంచి దూరం లెక్కగట్టి, ఇనిషియల్ కండిషన్స్‌లో ఫీల్డ్ రకంగా రాయించండి. హైపర్‌ఎలాస్టిక్ పట్టికలో డిపెండెన్సీస్‌ను ఒకటిగా పెట్టి, దూరం 0 దగ్గర ఒక వరుస, 4 దగ్గర ఒకటి, 8, 16, 30 దగ్గర ఒక్కొక్కటి ఇస్తే మధ్య విలువలను అబాకస్ తానే పూరించుకుంటుంది. ఆ విలువ నోడ్‌కు అంటుకుని నోడ్‌తోపాటే కదులుతుంది, కాబట్టి ఎన్ఎల్‌జియోమ్ ఆన్‌లో ఉన్నా బెంగలేదు. టాంజెంట్ మాతృక కూడా మీరు రాయనక్కరలేదు. అంచు దగ్గర మెష్ మాత్రం సన్నగా ఉండాలి. 8 మిల్లీమీటర్లలో సగానికి పైగా దిగిపోయే మార్పును 10 మిల్లీమీటర్ల ఎలిమెంటు పట్టుకోలేదు.

రెండో ప్రశ్నకు జవాబు ఇంపోర్ట్‌లో, అంటే ఒక విశ్లేషణ స్థితిని మరొకదానికి తెచ్చే ఆదేశంలో, మీరు ఇచ్చే అప్‌డేట్ విలువలో ఉంది. నో అని పెడితే తొలి ఆకృతే రిఫరెన్స్‌గా కొనసాగుతుంది, స్థానభ్రంశాలూ వికృతులూ మొదటి నుంచి లెక్కించినవే ఉంటాయి. యెస్ అని పెడితే బరువు పడి నొక్కుకుపోయిన ఆకృతే కొత్త రిఫరెన్స్ అవుతుంది, స్థానభ్రంశాలు మళ్లీ సున్నాతో మొదలవుతాయి. కాబట్టి యెస్ ఉన్న మోడల్‌లో ప్రస్తుత స్థానం నుంచి స్థానభ్రంశం తీసివేస్తే మీకు వచ్చేది నొక్కుకున్న దిమ్మ, అచ్చు నుంచి బయటికి వచ్చిన దిమ్మ కాదు. రబ్బరు వికృతిని ఎప్పుడూ ఒత్తిడి లేని స్థితి నుంచే కొలవాలి కాబట్టి మీకు నో సరైనది.

పాతకార్డులు (రామచంద్రాపురం)

అబాకస్ కాకుండా వేరే సాఫ్ట్‌వేర్ వాడేవారు ఈ చర్చను వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని కొన్ని మాటలు చేరుస్తున్నాను.

ఆన్సిస్ ఏపీడీఎల్‌లో ఎన్ఎక్స్, ఎన్‌వై, ఎన్‌జడ్ ప్రమేయాలు నోడ్ సంఖ్య ఇస్తే నిరూపకాలు ఇస్తాయి, పెద్ద రూపభేదం ఆన్‌లో ఉన్నా డేటాబేసులో ఉండేవి తొలి విలువలే. అయితే అవి అప్పటికి చెల్లుబాటులో ఉన్న అక్షాల్లో వస్తాయి. ముందెవరో సిలిండ్రికల్ అక్షాలకు మార్చి వదిలేస్తే ఎన్‌వై మీకు కోణాన్ని ఇస్తుంది, కాబట్టి అడిగే ముందు, అక్షాలను ఎంచుకునే సీసిస్‌ను సున్నా చేయండి. యూపీకోఆర్డ్ ఆదేశం ఇస్తే మాత్రం స్థానభ్రంశాలు నిరూపకాల్లో కలిసిపోతాయి, ఆ తరువాత ఎన్ఎక్స్ ఇచ్చేది తొలి విలువ కాదు. ఎవరో రాసిన మ్యాక్రోను వాడేటప్పుడు అందులో ఆ ఆదేశం ఉందేమో వెతకడం మంచిది.

నాస్ట్రాన్‌లో గ్రిడ్ కార్డు మీద రెండు అక్షాల సంఖ్యలు ఉంటాయి. మూడో గడిలోని సీపీ ఆ నోడ్ స్థానాన్ని ఏ అక్షాల్లో రాశారో చెబుతుంది, ఏడో గడిలోని సీడీ స్థానభ్రంశాలు ఏ అక్షాల్లో వస్తాయో చెబుతుంది. ఈ రెండూ వేరైనప్పుడు నిరూపకానికి స్థానభ్రంశాన్ని నేరుగా కలపకూడదు, తీసివేయకూడదు. రెండింటినీ ముందు బేసిక్ అక్షాల్లోకి తేవాలి. టర్బైన్ డిస్కుల మోడళ్లలో సీడీ సిలిండ్రికల్‌గా ఉండటం మామూలే. కొత్తగా చేరినవారు రేడియల్ స్థానభ్రంశాన్ని గ్లోబల్ అడ్డు నిరూపకానికి కలిపేసి బొమ్మ ఎందుకు చెదిరిందని అడుగుతూ రావడమూ అంతే మామూలు.

ఎల్ఎస్‌డైనాలో డీ3ప్లాట్ ఫైలు ప్రతి స్థితికీ నోడ్ల ప్రస్తుత నిరూపకాలను నిలువ చేస్తుంది, తొలి నిరూపకాలు ఫైలు మొదట్లోని జ్యామితి భాగంలో ఉంటాయి. మడిచిన ఎయిర్‌బ్యాగ్ వంటి వాటికి రిఫరెన్స్ జ్యామితిని విడిగా ఇస్తారు కాబట్టి, అక్కడ సున్నా సమయంలోని నిరూపకాలు కూడా వికృతి లేని స్థితిని చూపవు. ఆ రిఫరెన్స్ కార్డునే చదవాలి.

ఓపెన్‌సీస్‌లో నోడ్‌కోఆర్డ్ అన్న ఆదేశం మీరు నోడ్‌ను సృష్టించినప్పుడు ఇచ్చిన నిరూపకాలనే తిరిగి ఇస్తుంది, స్థానభ్రంశానికి నోడ్‌డిస్ప్ ఉంది. ఫెబియో సోర్సు కోడ్‌లోకి దిగేవారికి నోడ్ క్లాసులో ఆర్0, ఆర్‌టీ అని రెండు స్థానాలు పక్కపక్కనే కనిపిస్తాయి. సున్నా ఉన్నది తొలిది. మూస్‌లో ప్రతి కెర్నల్‌కూ కదిలిన మెష్ వాడాలా వద్దా అన్న ఎంపిక విడిగా ఉంటుంది, కాబట్టి ఒకే ఇన్‌పుట్ ఫైలులో కొన్ని పదాలు తొలి నిరూపకాల మీద, కొన్ని ప్రస్తుత నిరూపకాల మీద లెక్కయ్యే అవకాశం ఉంది.

నల్లదిమ్మ (కూకట్‌పల్లి)

ఫీల్డ్ వేరియబుల్ పద్ధతిలో అదే దిమ్మను మళ్లీ నడిపాను. అంచున 5 మిల్లీమీటర్ల ఎలిమెంట్లతో షియర్ బలం యూమ్యాట్ ఫలితం కన్నా కొంచెం తేడాగా వచ్చింది, 2 మిల్లీమీటర్లకు తగ్గించాక రెండు వక్రరేఖలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇంపోర్ట్‌కు అప్‌డేట్ నో పెట్టి ఎక్స్‌ప్లిసిట్ మోడల్ తయారు చేస్తున్నాను. అందులో ఫీల్డ్ వేరియబుల్ విలువలు సరిగ్గా చేరాయో లేదో మొదటి ఫ్రేమ్‌లోనే సరిచూసి ఇక్కడ రాస్తాను.